ల్యాబ్ భవనాన్ని గాలి నుంచి మొదలుపెట్టి గీయాలి

కాలేజీలో కొత్త సైన్స్, ఇంజినీరింగ్ బ్లాకు కట్టాలని నిర్ణయించగానే మొట్టమొదట తయారయ్యేది ముందు వైపు ఎలా ఉంటుందో చూపించే రంగుల బొమ్మ. శంకుస్థాపన నాడు ఫ్లెక్సీ మీదికి ఎక్కేదీ అదే. అందులో అద్దాలు, వెడల్పాటి మెట్లు, పచ్చిక కనిపిస్తాయి. కెమిస్ట్రీ ల్యాబులో లేచిన ఆవిరి ఏ దారిన బయటికి పోతుందో మాత్రం కనిపించదు. ఆ భవనం యాభై ఏళ్లు పనికొస్తుందా, పదేళ్లకే తలనొప్పిగా మారుతుందా అన్నది చాలావరకు ఆ కనిపించని దారే తేలుస్తుంది.

కాంక్రీటు పోశాక మార్చలేనివి కొన్ని ఉంటాయి. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఎత్తు, గొట్టాల కోసం పై దాకా వదిలే నిలువు దారులు అంటే షాఫ్టులు, పిల్లర్ల మధ్య దూరం, నేల మోయగలిగే బరువు. గోడలు, టైల్సు, బల్లలు, చివరికి ముందు వైపు అద్దాలు కూడా ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అయినా మీటింగుల్లో గంటల కొద్దీ చర్చ జరిగేది మార్చగలిగే వాటి మీదే. మార్చలేనివి డ్రాయింగులో ఎవరి కంటా పడకుండా దాటిపోతాయి.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఒకే ఆర్కిటెక్టు వెంటవెంటనే కట్టిన రెండు భవనాలను పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. అహ్మదాబాద్ ఐఐఎం, ఢాకాలోని పార్లమెంటు భవనం డిజైన్ చేసిన లూయీ కాన్‌కు 1957లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఒక పని అప్పగించింది. దాని పేరు రిచర్డ్స్ వైద్య పరిశోధనా ప్రయోగశాల. మనుషులు పనిచేసే చోటు వేరుగా, ఆ చోటుకు సేవ చేసే మెట్లు, గొట్టాలు, గాలి మార్గాలు వేరుగా ఉండాలన్నది కాన్ ఆలోచన. అందుకే గాలి మార్గాలనూ మెట్లనూ ఎత్తైన ఇటుక టవర్లుగా బయట నిలబెట్టాడు. లోపల ఒక్కో ల్యాబ్ అంతస్తు సుమారు 45 అడుగుల చదరం. మధ్యలో ఒక్క పిల్లరు కూడా లేదు. స్ట్రక్చరల్ ఇంజినీరు ఆగస్ట్ కొమెండంట్ ముందే పోసిన కాంక్రీటు ముక్కలను తెచ్చి, ఉక్కు తీగలతో బిగించి ఆ అంతస్తులను నిలబెట్టాడు. ఈ ఒక్క భవనం మీదే 1961లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం ప్రదర్శన పెట్టింది.

లోపల పనిచేసిన శాస్త్రవేత్తలకు మాత్రం అందులో సుఖం లేకపోయింది. మూలల్లోని పెద్ద అద్దాల్లోంచి ఎండ నేరుగా కళ్లలోకి, పరికరాల మీదికి పడేది. చాలామంది అద్దాలకు అల్యూమినియం ఫాయిల్ అంటించుకున్నారు. తల మీద తెరిచి ఉంచిన గొట్టాల మీద దుమ్ము పేరుకునేది. అంతస్తు చిన్నది కావడంతో పెద్ద బృందం ఒకే చోట పట్టేది కాదు. ఒకరు ఒక టవర్లో, మరొకరు ఇంకో టవర్లో. గాలికి దారి కావాలన్న మూల సూత్రం సరైనదే. కానీ అది భవనం బయటి రూపాన్ని తీర్చిదిద్దినంతగా గది లోపలి పనిని తీర్చిదిద్దలేదు.

పోలియో టీకాతో పేరు పొందిన జోనాస్ సాల్క్ 1959లో కాన్‌ను కలిశాడు. కాలిఫోర్నియాలోని లా హోయాలో సముద్రం ఒడ్డున తన సంస్థకు ల్యాబులు కావాలన్నాడు. 1965లో పూర్తయిన సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో కాన్ రిచర్డ్స్ తప్పులను ఒక్కొక్కటిగా దిద్దుకున్నాడు. ల్యాబ్ అంతస్తు ఇప్పుడు 65 అడుగుల వెడల్పు, 245 అడుగుల పొడవు. మధ్యలో పిల్లర్లు లేవు, కాబట్టి బృందం పెరిగితే బల్లలు జరుపుకోవచ్చు. అంతకంటే ముఖ్యమైనది, ప్రతి ల్యాబ్ అంతస్తు మీద గొట్టాల కోసమే ఇంకో పూర్తి అంతస్తు. దాని ఎత్తు 9 అడుగులు. ప్లంబరు, ఎలక్ట్రీషియను నిలబడి నడుస్తూ పనిచేసుకోవచ్చు. కింద ఎక్కడ గ్యాసు కావాలన్నా, నీళ్లు కావాలన్నా, సీలింగులో ముందే వదిలిన సందుల్లోంచి అక్కడికే దింపుతారు. పైన మరమ్మతు జరుగుతుంటే కింద ప్రయోగం ఆగదు. ఎత్తు నిబంధనల వల్ల భవనం కింది భాగం నేలలోకి పోయింది. పక్కనే వెలుతురు బావులు తవ్వి ఆ భాగానికీ పగటి వెలుగు అందించారు. శాస్త్రవేత్తలు చదువుకునే గదులు ల్యాబులకు ఎడంగా, సముద్రం కనిపించేలా ఉన్నాయి. అరవై ఏళ్లు దాటింది. ఈలోగా జీవశాస్త్రమే పూర్తిగా మారిపోయింది. అదే భవనంలో పరిశోధన ఇంకా సాగుతోంది.

ఒక మామూలు కాలేజీ ప్రతి ల్యాబు మీద ఒక గొట్టాల అంతస్తు కట్టుకోలేదు. కట్టుకోవాల్సిన పనీ లేదు. కానీ ఆ 9 అడుగులు ఎందుకు కావాల్సి వచ్చాయో లెక్క వేసి చూస్తే, మన దగ్గర ఎన్ని అడుగులు కావాలో తెలుస్తుంది. లెక్క ఫ్యూమ్ హుడ్ దగ్గర, అంటే విషవాయువులు లేచే ప్రయోగాలు చేసే తలుపున్న పెట్టె దగ్గర, మొదలవుతుంది.

వంటింటి చిమ్నీ పొగను లాగినట్టే ఫ్యూమ్ హుడ్ విషవాయువులను లాగుతుంది. తేడా ఏమిటంటే, లాగిన గాలిని వడగట్టి మళ్లీ గదిలోకి వదలకూడదు. మొత్తం ఇంటి కప్పు మీదికి, బయటికి పోవాలి. సాధారణంగా హుడ్ ముఖం దగ్గర గాలి వేగం సెకనుకు 0.5 మీటరు ఉండేలా చూస్తారు. మీటరున్నర వెడల్పు హుడ్ తలుపు 45 సెంటీమీటర్లు తెరిచి పనిచేస్తున్నారనుకుందాం. గంటకు సుమారు 1,200 ఘనపు మీటర్ల గాలి బయటికి పోతుంది. అలాంటివి పది ఉంటే 12,000. వంద చదరపు మీటర్ల ల్యాబులో, 3 మీటర్ల ఎత్తున, ఉండేది మొత్తం 300 ఘనపు మీటర్ల గాలి. అంటే గంటలో 40 సార్లు గది గాలి మొత్తం మారిపోతోంది. మామూలు కెమిస్ట్రీ ల్యాబుకు గంటకు 6 నుంచి 12 సార్లు మారితే సరిపోతుంది.

పోయిన గాలికి సమానంగా కొత్త గాలి రావాలి. రాకపోతే గది తలుపు లాగినా తెరుచుకోదు, హుడ్ లాగాల్సినంత లాగదు, వరండాలోని దుమ్మంతా లోపలికి వస్తుంది. వచ్చే గాలి చల్లగా ఉండాలంటే కరెంటు కావాలి. మే నెలలో బయట 40 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ 12,000 ఘనపు మీటర్లను 24 డిగ్రీలకు దింపడానికి దాదాపు 60 కిలోవాట్ల చల్లదనం కావాలి. అంటే 17 టన్నులు. ఇళ్లలో పెట్టుకునే టన్నున్నర ఏసీలు పదకొండు, ఒక్క ల్యాబు కోసం. ఇందులో తేమ తీసే లెక్క కలపలేదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో తేమ తీయడానికే ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వేసిన అంచనాలో ఒక్క ఫ్యూమ్ హుడ్ ఏడాదికి వాడే శక్తి మూడు ఇళ్ల వాడకం కంటే ఎక్కువ.

అందుకని హుడ్లు ఎన్ని కావాలన్న ప్రశ్న ఆర్కిటెక్టుది కాదు, సిలబస్‌ది. మొదటి ఏడాది విద్యార్థులు చేసే టైట్రేషన్లకు హుడ్ అక్కర్లేదు. మంచి ఎగ్జాస్టు చాలు. ఆర్గానిక్ సింథసిస్ చేసే చోట ప్రతి ఇద్దరికీ ఒకటి కావచ్చు. అన్ని ల్యాబులకూ ఒకే సంఖ్య రాసేస్తే ఒక చోట డబ్బు వృథా, ఇంకో చోట ప్రాణానికి ముప్పు. తలుపు ఎంత తెరిస్తే అంతే గాలి లాగే హుడ్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. కొనేటప్పుడు ఖరీదే, తర్వాత కరెంటు బిల్లులో ఆ డబ్బు తిరిగి వస్తుంది. అయితే తలుపు మూసే అలవాటు ఉన్నప్పుడే. హార్వర్డ్ కెమిస్ట్రీ విభాగంలో హుడ్ తలుపులు మూసి ఉంచే బృందాలకు పోటీ పెట్టి మరీ ఆ అలవాటు నేర్పించారు. అదే విశ్వవిద్యాలయం ఆల్‌స్టన్‌లో కట్టిన సైన్స్, ఇంజినీరింగ్ సముదాయంలో ఇంకో తెలివైన పద్ధతి ఉంది. మనుషులు కూర్చునే చోట్ల ఒకసారి చల్లబరిచి వాడిన శుభ్రమైన గాలిని పారేయకుండా ల్యాబుల వైపు పంపి, అక్కడి నుంచి బయటికి వదులుతారు. ఒకే చల్లదనం రెండు చోట్ల పనిచేస్తుంది. మన ఎండలకు ఇది ఇంకా బాగా పనికొచ్చే ఆలోచన. కాకపోతే ఆఫీసు గదులూ ల్యాబులూ ప్లానులో పక్కపక్కన ఉండాలి, మధ్యలో గాలి దారి ఉండాలి. అది మొదటి డ్రాయింగులోనే రావాలి, తర్వాత చేర్చలేం.

బయటికి పోయే గాలి ఎక్కడికి పోతుందన్నదీ అంతే ముఖ్యం. అమెరికా ప్రమాణాల ప్రకారం ఎగ్జాస్టు గొట్టం ఇంటి కప్పు మీద కనీసం 3 మీటర్లు లేవాలి, గాలి సెకనుకు 15 మీటర్ల వేగంతో పైకి చిమ్మాలి. అప్పుడే అది మళ్లీ కిందికి వాలకుండా చెదిరిపోతుంది. తాజా గాలి పీల్చే చోటు దానికి దూరంగా, గాలి వీచే దిక్కు చూసి పెట్టాలి. కిటికీలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి పని అయిపోయిందనుకుంటే, కింది ల్యాబు వాసన పై అంతస్తు క్లాసురూములోకి వెళుతుంది. ఇది ఎంతోమంది డిగ్రీ కాలేజీలో అనుభవించిందే.

ఇప్పుడు ఎత్తు సంగతి. ఆ 12,000 ఘనపు మీటర్ల గాలి సెకనుకు 7 మీటర్ల వేగంతో పోవాలంటే సుమారు 70 సెంటీమీటర్ల చదరపు డక్టు, అంటే గాలి గొట్టం, కావాలి. క్లాసురూముల బ్లాకులో మాదిరిగా అంతస్తు ఎత్తు 3.6 మీటర్లు పెట్టారనుకుందాం. స్లాబుతో కలిపి బీముకు 60 సెంటీమీటర్లు, డక్టుకు 70, లైట్లకూ కేబుళ్లకూ పైపులకూ 20 తీసేస్తే మిగిలేది 2.1 మీటర్లు. పొడుగాటి మనిషి చెయ్యెత్తితే డక్టు తగులుతుంది. అదే 4.5 మీటర్లు పెడితే కింద 3 మీటర్లు నిండుగా ఉంటుంది. ఈ 90 సెంటీమీటర్లకు గోడ, పిల్లరు, ప్లాస్టరింగు ఖర్చు పెరుగుతుంది, చదరపు అడుగు ఒక్కటి కూడా పెరగదు. బడ్జెట్ మీటింగులో మొదటి కత్తెర దీని మీదే పడేది అందుకే. ఖర్చు తగ్గించాలంటే తగ్గించగలిగినవి చాలా ఉన్నాయి. ముందు వైపు అద్దాల గోడ తీసేయండి, గ్రానైటు తీసేయండి, ప్రవేశ ద్వారం దగ్గరి రెండంతస్తుల హాలు తీసేయండి. ఆ 90 సెంటీమీటర్లను మాత్రం ముట్టుకోకూడదు.

అడ్డం కొలతల్లో ఇంత చిక్కు లేదు. రెండు వైపులా 75 సెంటీమీటర్ల బల్లలు, మధ్యలో వీపూ వీపూ ఆనించి ఇద్దరు పనిచేస్తుంటే మూడో మనిషి దాటిపోయేంత దారి, అంటే మీటరున్నర. గోడ మందం కలిపితే 3.2, 3.3 మీటర్లు. ప్రపంచమంతటా ల్యాబులకు ఇంచుమించు ఇదే కొలత. దాన్ని రెట్టింపు చేసి 6.6 మీటర్లకు ఒక పిల్లరు పెట్టుకుంటే గదులను కలపడం, విడదీయడం తేలిక. మన ఇంజినీరింగ్ కాలేజీలకు ఏఐసీటీఈ చాలా ఏళ్లు ఒక్కో ల్యాబుకు అడిగిన వైశాల్యం 66 చదరపు మీటర్లు. 6.6 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల లోతు పెడితే సరిగ్గా అంతే వస్తుంది. చిక్కల్లా వైశాల్యం ఒక్కటే లెక్కలోకి రావడంలో ఉంది. ఆ 66 చదరపు మీటర్ల పైన ఎత్తు ఎంత, గాలి ఎటు పోతోంది అని అడిగేవాళ్లు లేకపోతే ల్యాబు కూడా క్లాసురూము పెట్టెలోనే తయారవుతుంది.

కట్టిన గదుల వాడకం ఎలా మారుతుందో తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు కళ్లముందే ఉంది. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గి కంప్యూటర్ సైన్స్, ఏఐ కోర్సులు పెరిగాయి. లేతు మిషన్లున్న చోట కంప్యూటర్ బల్లలు వచ్చాయి. ఈ మార్పు సులువుగానే జరుగుతుంది. గాలి, నీళ్లు, డ్రైనేజీ ఉన్న గదిని కంప్యూటర్ గదిగా మార్చడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. ఫిలడెల్ఫియాలోని రిచర్డ్స్ భవనం కూడా చివరికి ఆ దారే పట్టింది. రసాయనాల ల్యాబులు పోయి కంప్యూటర్ల మీద చేసే పరిశోధన వచ్చింది. ఎదురు దిశలో వెళ్లడమే దాదాపు అసాధ్యం. కంప్యూటర్ల కోసం తక్కువ ఎత్తుతో, షాఫ్టు లేకుండా కట్టిన అంతస్తులో రేపు బయోటెక్నాలజీ ల్యాబో, బ్యాటరీ పరిశోధన ల్యాబో పెట్టాలంటే స్లాబులు కోయాలి. ఇవాళ ఏ కోర్సుకు గిరాకీ ఉందో చూసి కాంక్రీటు పోస్తే, అది నాలుగేళ్ల అడ్మిషన్ల లెక్కను యాభై ఏళ్ల భవనం నెత్తిన పెట్టడమే. కనీసం భవనంలో ఒక పక్కనైనా పూర్తి ఎత్తుతో, పై దాకా వెళ్లే ఖాళీ షాఫ్టులతో వదిలిపెట్టాలి. ఖాళీ షాఫ్టు వృథాలా కనిపిస్తుంది. అది రేపటి విభాగానికి వదిలిన చోటు.

మార్చుకోగలిగే భవనం ఎంత విలువైనదో అమెరికాలోని ఎంఐటీకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో, రాడార్ పరిశోధన కోసం అక్కడ హడావుడిగా ఒక చెక్క భవనం లేపారు. పేరు కూడా పెట్టలేదు, బిల్డింగ్ 20 అంతే. యుద్ధం అయిపోగానే కూల్చేయాలనుకున్నది 1998 దాకా నిలబడింది. చూపుకు ఏమాత్రం బాగుండేది కాదు, వేసవిలో ఉక్కపోత. అయినా పరిశోధకులు దాన్ని ప్రేమించారు. గోడ అడ్డమైతే తీసేయొచ్చు, వైరు కావాలంటే సీలింగుకు రంధ్రం పెట్టొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. భౌతిక శాస్త్రవేత్త జెరోల్డ్ జకరయాస్ పరమాణు గడియారం ప్రయోగం కోసం తన ల్యాబులో అంతస్తులనే తీయించాడు. నోమ్ చామ్‌స్కీ ఉన్న భాషాశాస్త్ర విభాగం, ఎలక్ట్రానిక్స్ ల్యాబులు ఒకే వరండాలో ఎదురుపడేవి.

దాని స్థలంలోనే 2004లో ఫ్రాంక్ గెరీ డిజైన్ చేసిన స్టేటా సెంటర్ తెరిచారు. వంగిన గోడలు, ఒరిగిన టవర్లు, మెరిసే లోహపు రేకులు. చూడటానికి అద్భుతం. 2007లో ఎంఐటీ లీకులు, పగుళ్లు, నీరు పోయే దారిలో లోపాలు ఉన్నాయంటూ గెరీ సంస్థ మీదా నిర్మాణ సంస్థ మీదా కోర్టుకెక్కింది. 2010లో రాజీ కుదిరింది. లోపలి ఖాళీలు పనికి బాగున్నాయని మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు, ఆ మాట తీసిపారేయలేం. కానీ పైకప్పు ఆకారం ఎంత చిక్కుగా ఉంటే వాన లోపలికి రావడానికి అన్ని చోట్ల దారి వెతుక్కుంటుంది. నైరుతి రుతుపవనాల్లో తడిసే మన ఊళ్లలో ఈ విషయం ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు.

అలాగని అందం అక్కర్లేదనడం సరికాదు. అవసరంలోంచే అందం పుట్టిన భవనం ఇంగ్లండులో ఉంది. లెస్టర్ విశ్వవిద్యాలయానికి జేమ్స్ స్టిర్లింగ్, జేమ్స్ గోవన్ డిజైన్ చేయగా 1963లో పూర్తయిన ఇంజినీరింగ్ భవనం అది. దాని టవరు అంత ఎత్తు లేవడానికి కారణం నీటి ప్రవాహం మీద ప్రయోగాలు చేసే హైడ్రాలిక్స్ ల్యాబు. ప్రయోగాలకు సుమారు 100 అడుగుల నీటి ఒత్తిడి కావాలి, కాబట్టి ట్యాంకు అంత ఎత్తున ఉండాలి. వర్క్‌షాపు కప్పు మీద అద్దాలు భవనం గోడలకు 45 డిగ్రీల కోణంలో ఏటవాలుగా పరుచుకున్నాయి. స్థలం దిక్కు ఎటున్నా, ఉత్తరపు వెలుగే లోపలికి రావాలని అలా తిప్పారు. అద్దాల కప్పుకు లీకుల బాధ తప్పలేదు, అర్ధశతాబ్దం తర్వాత మార్చాల్సి వచ్చింది. అయినా ఆ ఉత్తరపు వెలుగు పాఠం మనకు ఎంతో కావాలి. పడమటి ఎండకు అద్దాల గోడ ఎదురుపెట్టి, లోపల కర్టెన్లు దించి, పట్టపగలు ట్యూబులైట్లు వేసుకునే ల్యాబులు మన దగ్గర తక్కువేమీ కాదు. పొడవాటి వైపు ఉత్తర దక్షిణాలకు తిప్పి, మెట్లూ టాయిలెట్లూ స్టోర్లూ పడమటి గోడకు పెట్టడానికి అదనపు ఖర్చు లేదు.

బరువులు, అదుర్లు ఇంకో సంగతి. కంప్రెషన్ మిషన్లు, వర్క్‌షాపు, హైడ్రాలిక్స్ సంపు నేల మీదే ఉండాలి, ఇందులో వాదన లేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కూడా నేల మీదే ఉండాలి, కారణం వేరే. అతి సున్నితమైన పరికరాలకు నేల కదలిక వేగం సెకనుకు 3 మైక్రోమీటర్లు మించకూడదంటారు. ఆపరేషన్ థియేటర్‌కు 100 దాకా పర్వాలేదు. లిఫ్టు, జనరేటరు, బస్సులు తిరిగే రోడ్డు, వీటన్నిటికీ దూరంగా, వర్క్‌షాపుకు ఎదురు చివరన, విడి స్లాబు మీద దాన్ని పెట్టాలి. అమెరికాలోని సియాటిల్‌లో మెట్రో లాంటి రైలు మార్గం వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కింద నుంచి వెళ్లాల్సి వచ్చినప్పుడు, ఫిజిక్స్ ల్యాబుల కోసం అదుర్లకూ అయస్కాంత ప్రభావానికీ పరిమితులు పెట్టి రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నారు.

భద్రత గురించి డ్రాయింగు మీద పెట్టాల్సిన గుర్తులు చిన్నవే. గ్యాసు సిలిండర్లు ల్యాబు బయట, గాలాడే గదిలో ఉండాలి, లోపలికి పైపు మాత్రమే రావాలి. బెంగళూరు ఐఐఎస్సీలో 2018 డిసెంబరులో ల్యాబులో సిలిండరు పేలి ఒక పరిశోధకుడు చనిపోయాక ఈ మాట పాత పాఠంలా చదవడం కష్టం. ప్రతి ల్యాబుకూ రెండు తలుపులు ఉండాలి, అవి బయటికి తెరుచుకోవాలి. కళ్లలో యాసిడ్ పడిన విద్యార్థి పది సెకన్లలో కళ్లు కడిగే ఐవాష్ దగ్గరికి చేరాలి, అక్కడ 15 నిమిషాలు ఆగకుండా నీళ్లు రావాలి. అంటే పైన ట్యాంకూ, కింద నీరు పోయే డ్రైనూ లెక్కలో ఉండాలి. చాలా చోట్ల షవరు ఉంటుంది, దాని కింద డ్రైను ఉండదు. వరండా తడుస్తుందని ఎవరూ దాన్ని తిప్పి చూడరు. తిప్పి చూడని షవరు అవసరం వచ్చిన రోజు పనిచేస్తుందన్న నమ్మకం లేదు.

ఇవన్నీ బాగా తెలిసిన మనుషులు కాలేజీలోనే ఉంటారు. ఏ సింకు ఎన్నిసార్లు పూడుకుపోతుందో, సిలిండరును ఏ మెట్ల మీదుగా మోయాలో, వాడేసిన రసాయనాల సీసాలు ఎక్కడ పేరుకుంటాయో ల్యాబ్ టెక్నీషియనుకు, అటెండరుకు తెలుసు. డిజైన్ మీటింగుకు హెచ్ఓడీలను పిలుస్తారు, వీళ్లను పిలవరు. ప్లాను ఖాయం కాకముందే వాళ్లను పాత ల్యాబులోనే కూర్చోబెట్టి, ఒక ప్రయోగం మొదటి నుంచి చివరిదాకా ఎలా నడుస్తుందో, సామాను ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో చెప్పించుకుంటే స్టోరు రూము, చెత్త దారి, సర్వీసు లిఫ్టు వాటంతట అవే ప్లానులో సరైన చోట కుదురుతాయి.

చివరి పని కాంట్రాక్టు కాగితం మీద జరగాలి. రంగులు వేసి తాళాలు ఇవ్వగానే భవనం అప్పగించినట్టు కాదు. ప్రతి ఫ్యూమ్ హుడ్ ముందు గాలి వేగం కొలవాలి, లోపల పొగ వదిలి అది వెనక్కి వస్తోందా అని చూడాలి. పరిశోధన ల్యాబులైతే పరికరంతో పసిగట్టగలిగే గుర్తు వాయువును హుడ్ లోపల వదిలి, అది గదిలోకి ఎంత చిమ్ముతోందో కొలిచే పరీక్ష కూడా చేయించాలి. అన్ని హుడ్లూ ఒకేసారి తెరిచినప్పుడు గది తలుపు సులువుగా తెరుచుకోవాలి. కరెంటు పోయి జనరేటరు మీదికి మారినప్పుడు ఎగ్జాస్టు ఆగకూడదు. ఈ పరీక్షలు ఎప్పుడు, ఎవరి ముందు చేయాలో టెండరులోనే రాసి, అవి నెగ్గేదాకా చెల్లింపులో కొంత భాగం ఆపి ఉంచాలి. మే నెలలో ఒకసారి, వానాకాలంలో మరోసారి.